జీడి గుర్తున్న చొక్కా

మూడేళ్లు చుక్క వాన లేదు. కురిసింది ఒక్క రోజు. బెళుగుప్ప పక్కన మా ఊరికి ఎగువనున్న చెరువు కట్ట తెగి, వంక దాటి సంతకు పోతున్న జనాన్ని పట్టపగలు ఈడ్చుకుపోయింది. ముందురోజే కదా వాన కోసం దేవుడికి దండాలు పెట్టుకున్నాం! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పశువులకు గడ్డి తేవడానికి పోయిన మా అన్న మూడో రోజుకీ ఇల్లు చేరలేదు. అధికారి ఒకాయన జీపులో వచ్చి, "కబురు చేస్తాం" అని చెప్పి పోయాడు. ఏం కబురు, నా మొహం! దిగువ ఊరివాళ్లే నయం. దొరికిన శవాలను పూడ్చే ముందు, ఆనవాలు కోసం ఒక్కొక్కరి బట్టలోంచి ఒక ముక్క కోసి గంపలో పంపారు.

ఆ గంప ముందు కూర్చున్నది మా ఊరి చాకలామె. ఆమెను ఎవరూ పిలవలేదు, ఎవరూ పంపలేదు. ఎవరి బట్టలు వాళ్లకు చేరాలని ఉతికినా పోని జీడిగింజ రసంతో ఇంటికొక గుర్తు పెట్టేది ఆమే. దిగువ ఊరివాళ్లు ఆ గుర్తు చూసే ముక్కలు కోశారట.

పొద్దున్నుంచీ ఒక్కో ముక్క తీసి, బురద దులిపి, ఆ ఇంటివాళ్లను దగ్గరకు పిలిచి చెవిలో చెప్పింది. వాళ్లను భుజానికి ఆనించుకుని, ఏడుపు కాస్త తగ్గాకే ఇంకో ముక్క తీసింది. బడిపంతులమ్మను కాబట్టి నేను పక్కన కూర్చుని పోయినవాళ్ల పేర్లు రాశాను.

గంప అడుగున ఒక్కటి మిగిలింది. నీలిగీతల చొక్కా మెడపట్టీ. గుర్తు మా ఇంటిదే. మా అమ్మ "కొడుకా!" అని నేలమీద పడిపోయింది. నా చేతిలో పెన్సిలు జారిపోయింది.

చాకలామె ఆ ముక్కను వదల్లేదు. "ఏడవొద్దు తల్లీ. చొక్కా మీదే. తొడుక్కున్నోడు మీవోడు గాదు" అంది.

"నిజంగానా? నన్ను బతికిస్తివే, నా తల్లే!" అని మా అమ్మ ఆమె చేతులు పట్టుకుంది. నేను నవ్వేశాను. అవును, నవ్వాను.

"ఎవురక్కా మరి?" అని అడిగాను.

ఉతికిన ఊరివాళ్ల బట్టలు ఒకపూట కట్టుకుని, మళ్లీ ఉతికి ఇచ్చేయడం చాకలివాళ్లకు మామూలే. ఊరంతా తెలుసు, ఎవరూ పైకి అనరు.

"పిల్లను చూసేదానికి పోతాండాడని నేనే తొడిగి పంపిస్తి, నా కొడుక్కి. సాయంత్రం ఉతికి ఇచ్చేద్దామనుకుంటి." మా అమ్మ వైపు చూసింది. "మీ చొక్కా పాడు చేస్తిమి. తప్పయిపాయ తల్లీ."

వంక అవతల చిక్కుకుపోయిన మా అన్న మర్నాడు నడిచి వచ్చాడు.

ఆ రోజు మాత్రం పెన్సిలు వెతికి తీసుకుని, ఆఖరి పేరు రాయబోయి ఆగిపోయాను. ఇరవై ఏళ్లు మా ఇంటికి బట్టల మూట మోసినవాడు. మాకెప్పుడూ చాకలామె కొడుకే. పేరు తెలియదు. ఆ మెడపట్టీ ఇంకా చేతిలోనే ఉన్న ఆమెను, నీ కొడుకు పేరేమిటని అడిగాను.