రెండు సీసాలూ ఆయన దగ్గరే

ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తుంటే, నలభై దాటిన ఒకామె వచ్చి నా పక్కన కూలబడింది. బూట్ల నిండా మట్టి. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. ఆమె భర్త రెండు బెంచీల అవతల కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"గండికోట లోయలోకి దిగి వస్తాండాము," అంది నేను అడక్కుండానే. "చలికాలంలో దప్పికేముంటాది అని రెండు నీళ్ల సీసాలూ మా ఆయన తన సంచిలోనే పెట్టుకున్యాడు. ఎక్కేటప్పుడు నేను వెనకబడితే తిరిగన్నా చూడకుండా పోయినాడు. రాళ్లలో దారి తప్పితి. అరుద్దామన్నా గొంతెండిపోయి మాట రాలేదమ్మా. ఎవరో పిల్లోళ్లు దిగుతా నన్ను చూసి నీళ్లిచ్చినారు."

"పైన కలిశాక మీ ఆయన ఏమన్నారు?"

"ఇంతసేపు ఏం చేస్తాంటివి అన్నాడు!"

ఆ మాటకు ఆయన తలెత్తాడు. "ఇంకా ఎంతమందికి చెప్తావే?" అన్నాడు.

ఆమె లేచి వెళ్లి ఆయన సంచిలోంచి ఒక సీసా లాగి, ప్లాట్‌ఫారం మీది కుళాయి దగ్గర నింపుకుని, తన చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడెందుకది? ఇంటికే కదా పోతాండాము," అన్నాడాయన విసుగ్గా.

"అలవాటు చేసుకుంటాండా," అంది.

కొండలెక్కడం నాకు చేతకాదు. అయినా ఆ తర్వాత ఎక్కడికి బయలుదేరినా, మా ఆయన సంచిలోంచి నా సీసా తీసి నా దగ్గరే పెట్టుకుంటున్నాను. పక్కనున్న బద్వేలు దాకా పోవడానికి కూడానా అని ఆయన నవ్వుతారు. నవ్వుకోనీ.