ఒడిలో నిలవని కుక్క

మా కుక్కకు ఆపరేషన్ చేయించింది మార్చి నెల రెండో శుక్రవారం. తారీఖులు మరిచిపోయే అలవాటు నాకు లేదు. లెక్కల టీచరుగా రిటైరైన తర్వాత కూడా గ్యాస్ బండ మార్చిన రోజూ, పాలు విరిగిన రోజూ గోడ క్యాలెండరు మీద రాసుకుంటూనే ఉన్నాను.

వాడిది చిన్న జాతి. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు చెవులు. ఈడొచ్చినప్పటి నుంచి గేటు కింద దూరి పారిపోవడం, వీధికుక్కలతో కరిపించుకుని రావడం. చెవి చిరిగి వచ్చిన రోజున పశువుల డాక్టరు బీజాలు తీయించేస్తే ఇంటిపట్టున ఉంటాడన్నాడు. సరేనన్నాను. పొట్ట కింద, కాళ్ళ మధ్య చిన్న కోత. కుట్లు నాలుగని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే కళ్ళజోడు పెట్టుకుని చూసుకున్నాను. నాలుగే ఉన్నాయి.

నాకకుండా మెడ చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గరాటా కట్టారు. దాంతో వాడు ప్రతి గుమ్మానికీ తగులుకుని, తప్పు నాదే అన్నట్టు చూసేవాడు. గెంతకూడదు, తడవకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఈ చివరిదే నాకు చిక్కు. సాయంత్రం పాలకు నేనే వెళ్ళాలి. పాలు నా ఎదురుగా పిండాలి; మరొకరి చేత తెప్పిస్తే అందులో ఎన్ని నీళ్ళు కలిశాయో ఎవరు చెబుతారు?

ఆ అరగంట వాణ్ణి చూసుకుంటానని పక్కింటి అమ్మాయి ఒప్పుకుంది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు పెళ్ళీడు కొడుకున్నాడు. మిరపకాయలు వచ్చే రోజుల్లో ఊరి చివర కల్లంలో ముచ్చికలు తీసే పనికి పోతుంది, ఆదివారం చర్చికి పోతుంది, మిగతా కాలం పత్తి చేలల్లో ఉంటుంది. మనిషి మంచిదే. కానీ ఈ ఆపరేషన్ ఆమెకు మొదటి నుంచీ నచ్చలేదు.

"పెళ్ళి కాకుండానే సన్నాసిని చేశారు కదండీ వాణ్ణి," అని మొదటి రోజే నన్ను దెప్పింది. వాళ్ళ ఆడకుక్కకు మావాడి పోలికతో పిల్లలు పుడతాయని ఎన్నాళ్ళుగానో అనుకుంటోందట. అది కూడా నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వును నేను గుర్తు పెట్టుకున్నాను.

మూడో రోజు దాకా పాలు మానుకుని నేనే కనిపెట్టుకున్నాను, బాగానే ఉన్నాడు. ఆమె రావడం మొదలైంది నాలుగో రోజున. ఆ సాయంత్రం నేను పాలతో తిరిగొచ్చేసరికి మంచం కింద దూరి మూలుగుతున్నాడు. కోత చుట్టూ ఎర్రగా కందిపోయింది. ఆమెను అడిగితే, ఒళ్ళో పడుకోబెట్టుకున్నాననీ, కాసేపటికి కెవ్వుమని దూకి పోయాడనీ చెప్పింది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఉదయానికి నెమ్మదించేవాడు, సాయంత్రానికి మళ్ళీ మొదలు.

డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. కుట్లు బాగానే ఉన్నాయన్నాడు. గాయానికి ఏదో తగులుతోంది, ఇంట్లో ఎవరైనా పసుపో, ఆకుపసరో రాస్తున్నారా అని అడిగాడు. ఇలాగే ఏదో ఒకటి తగులుతూ ఉంటే ఇక మానడం కష్టం, చీము పడితే మళ్ళీ కోయాల్సి వస్తుందన్నాడు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నేను రాయలేదు. ఇక మిగిలింది ఎవరు?

ఆమె చేతుల సంగతి అప్పటికే చూసుకున్నాను. కల్లం నుంచి వచ్చేవాళ్ళు చంటిపిల్లల్ని ముట్టుకునే ముందు చేసినట్టే, మా కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని కొబ్బరినూనె రాసుకుని గానీ వాణ్ణి తాకేది కాదు. పనిలో చీర మీద తొడుక్కునే మొగుడి పాత చొక్కా కూడా విప్పి, గేటుకు తగిలించి లోపలికొచ్చేది. ఇంత జాగ్రత్త ఎందుకో అని అది కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఆదివారం సాయంత్రం చర్చి నుంచి సరాసరి వచ్చి కూర్చుంది. నేను పాలకు వెళ్ళి వచ్చేదాకా వాడు ఒళ్ళో గుర్రుపెట్టి నిద్రపోయాడు. నేను డాక్టరుతో మాట్లాడిన సంగతి తెలిసి ఇవాళ ఊరుకుంది కాబోలు అనుకున్నాను.

సోమవారం మళ్ళీ మూలుగు. రాత్రి దూదితో కోత తుడిచి, ఏమరుపాటున కంటి కొస నలుపుకున్నాను. నిప్పు పెట్టినట్టయింది. మిరప పండించిన ఇంట్లో పుట్టినదాన్ని, అదేమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. కారం. కన్ను కడుక్కుంటూ అంతా కలిపి చూసుకున్నాను: ఆపరేషన్ నచ్చకపోవడం, ఆడకుక్క, ఆ నవ్వు.

మంగళవారం పాలచెంబు తీసుకుని వీధిలోకి వెళ్ళి, పెరటి దోవన తిరిగొచ్చి కిటికీ వెనక నిలబడ్డాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. వాణ్ణి బోర్లా పడుకోబెట్టుకుని, గరాటాలో చెయ్యి పెట్టి చెవుల వెనక నిమురుతూ ఏదో చర్చి పాట సన్నగా పాడుతోంది. ఇంకే పనీ చేయలేదు. వాడు కదిలాడు, ఇటూ అటూ దొర్లాడు, ఒక్క అరుపు అరిచి కిందికి దూకి, అరుగు పక్కనున్న మంచం కింద దూరాడు.

నేను బయటికొచ్చాను. "వాడికి కారం పూసింది నువ్వే కదూ?"

ఆమె నా వంకా, నా చేతిలోని ఖాళీ చెంబు వంకా చూసింది. కిటికీ సంగతి అర్థమైనట్టుంది.

"పసివాడిలాంటి వాడికి నేను కారం పూస్తానా, టీచరుగారూ? నా దగ్గరేం దాచుకున్నానో చూసుకోండి," అని లేచి నిలబడి ఒడి కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని విదిలించింది.

ఏటవాలు ఎండలో ఎర్రటి దుమ్ము లేచింది. నేను తుమ్మాను, ఆమె తుమ్మింది, మంచం కింద నుంచి వాడూ తుమ్మాడు. పొద్దస్తమానం కాయల రాశి ముందు కూర్చుంటే చొక్కా కాపాడేది పై ఒంటినే. రాలిందంతా ఒళ్ళోకే. ఆ కాలంలో మా వీధంతా అదే ఘాటు కాబట్టి నా ముక్కుకు తెలియలేదు, ఆమె ముక్కుకు అసలే తెలియదు. ఆదివారం మాత్రం కట్టింది చర్చి చీర.

ఆమె తన ఒడి వంకే చూస్తూ అంది:

"మావాడు చంటోడప్పుడు ఇట్టాగే ఏడిచేవాడండి. కల్లం నుంచి వచ్చి ఒళ్ళో ఏసుకోంగానే. కడుపునొప్పేమో అనుకుని వాము నీళ్ళు తాగించేదాన్ని."

చొక్కా తీసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం పాలవేళకు రాలేదు. ఇక రాదనుకున్నాను. ఆ మాట అన్నాక ఎవరొస్తారు? చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. వాడు కూడా గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడబోతుండగా వచ్చింది. తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఆదివారం కట్టే తెల్లచీర కట్టుకుని.

అరుగు మీద కూర్చుని ఒడి పరిచింది. నేను వంగి, ఆ కుచ్చిళ్ళు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన.

"చూసుకున్నారా?" అంది.

"చూసుకున్నాను."

వాడు గరాటా ఈడ్చుకుంటూ వచ్చి, కాసేపు తటపటాయించి, ఎక్కి పడుకున్నాడు. నేను పాలకు బయల్దేరాను. వీధి మలుపు దాకా వెనక్కి తిరగకుండా నడిచి, అక్కడ ఆగి విన్నాను. పాట తప్ప ఏమీ వినపడలేదు.