పంతులుకీ బోధపడని కాగితం

యాభై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వయసు మళ్ళిన కొద్దీ ఇలాంటి బరువు తగ్గుతుందంటారు. ఒట్టి బూటకం. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకే చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, అసలే ఒళ్ళు మండిపోతోంది.

అరవైల ఆఖర్లో రాజాం దగ్గరి పల్లెల్లో నేను గ్రామసేవకుణ్ణి. కొత్తరకం వరి విత్తనాలు, వాటి వెంట డబ్బాల్లో పురుగుమందు దిగిన రోజులవి. మందుతో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని రైతులకు తెలిసే తెలుగులో రాయమన్నారు పై ఆఫీసరు. నేను రాసింది ఇదీ: "విషప్రభావయుతమైన యీ పాత్రను వినియోగానంతరము భక్ష్యపేయాదులకై స్వీకరించుట సర్వథా వర్జనీయము."

ఖాళీ డబ్బాలో తినేవీ తాగేవీ పొయ్యొద్దు, పోస్తే చస్తారు. ఇంతే కదా! ఈ ముక్క రాయడానికి నాకేం రోగం? తాలూకా మొత్తం మీద నా అంత తెలుగు వచ్చినవాడు లేడనిపించుకోవాలి. అదీ నా యావ.

కాగితాలు పంచిన వారానికి పైడమ్మ అనే రైతు భార్య అది పట్టుకుని పంచాయితీ ఆఫీసుకి వచ్చింది. అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

"బాబూ, ఇందులో ఏటి రాసినారు?"

"అంతా వివరంగానే ఉందమ్మా. పంతులు చేత చదివించుకో."

"పంతులే సదివినాడు బాబూ. ఆయనకీ బోదపడనేదు. తవరే సెప్పాల."

సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట. నేను పొంగిపోయాను. బడిపంతులుకే కొరుకుడుపడని తెలుగు రాశానని లోలోపల మురిసిపోతూ, రేపు చెబుతాలే అని సైకిలెక్కాను. ఆ మర్నాడు ఆ ఊరి దరిదాపులకే వెళ్ళలేదు.

వాళ్ళింట్లో ఖాళీ అయిన మందు డబ్బాకి మూత గట్టిది. పైడమ్మ దాన్ని ఇసకతో, చింతపండుతో తోమితోమి, అందులోనే మొగుడికి పొలానికి అంబలి పట్టుకెళ్ళింది. తాగిన కాసేపటికి అతను గట్టు మీదే నురగలు కక్కాడు. బండి రాజాం ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

విచారణకి వచ్చిన అధికారి, ముందే హెచ్చరించావా అని నన్నడిగాడు. కాగితం చూపించాను. బాగా రాశావని మెచ్చుకున్నాడు కూడా, వెధవ. ఆయనకి మాత్రం ఏం అర్థమైందో! పైడమ్మ నా వైపు చెయ్యి చూపించి, ఈ బాబునే అడిగినానని గుండెలు బాదుకుంది. నా దగ్గరికి ఎవరూ రాలేదండీ అన్నాను. ఆ ఒక్క వాక్యం మాత్రం ఊరందరికీ అర్థమైంది.

మొగుణ్ణి చంపుకున్నదని ఆమెకి పేరు పడింది. అత్తవారు గెంటేశారు. ఎక్కడికి పోయిందో నేను వెతకలేదు. భయపడ్డానా? కాదు, దొరికితే నిజం చెప్పాల్సి వస్తుందని. అది భయం కాకపోతే మరేమిటి?

ఇప్పుడు చెప్పినందుకు ఆ మనిషి లేచిరాడు. క్షమించమని అడగను. అడిగితే మీరు నన్ను చెప్పుతో కొట్టాలి. రాస్తుంటే గుండె మీంచి ఏదో దిగినట్టుంది, ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది. అయినా రాస్తాను. పైడమ్మ నన్ను అడిగింది. నేను చెప్పలేదు. అడగలేదని నలుగురిలో అబద్ధమాడాను.