నీళ్ళ అంచున మా డేరా

ఇప్పుడు నేనుంటున్న మిల్టన్‌లో మా పక్క టౌన్‌హౌస్ వాళ్ళు వేసవి సాయంత్రాలు వెనక డెక్ మీద మస్కిటో కాయిల్ వెలిగిస్తారు. ఆ పొగ కంచె సందుల్లోంచి మెల్లగా మా వంటింట్లోకి వస్తుంది. ఎండుపిడకలు రాజుకున్నట్టుండే ఆ వాసన తగలగానే నాకు తడి ఇసుక గుర్తొస్తుంది, ఎండకు వేడెక్కిన డేరాలోని ఉక్క గుర్తొస్తుంది, చిన్న గ్యాస్ పొయ్యి మీద అమ్మ పెట్టే ఇంగువ పోపు గుర్తొస్తుంది. చేతిలో ఉన్న పని ఆపి కాసేపు కిటికీ దగ్గరే నిలబడిపోతాను.

నా బాల్యం విన్నిపెగ్‌లో గడిచింది. నాన్నగారు ఇళ్ళు కట్టించే వ్యాపారం చేసేవారు. ఊళ్ళో పెద్ద ఇల్లు, ఊరికి ఉత్తరాన సరస్సు ఒడ్డున చెక్క కాటేజీ ఉండేవి. అవి ఎలా చేజారాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు, నేనూ చెప్పను. నేను బడిలో రెండు మూడు తరగతులు చదివేసరికి మేం రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, నాన్నగారు మరొకరి కంపెనీలో సూపర్‌వైజరుగా వెళ్ళేవారు. అయినా చొక్కా ఇస్త్రీ చెడేది కాదు. ఇంట్లో ఇంగ్లీషు వినపడకూడదు. రోజూ భోజనానికి ముందు నేను తెలుగు పేజీ ఒకటి గట్టిగా చదవాలి, తప్పు పలికితే మళ్ళీ మొదటినుంచి. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ కాఠిన్యం వల్లనే.

కాటేజీ పోయాక కూడా సరస్సు మాత్రం పోకూడదని నాన్నగారు పట్టుబట్టారు. పెద్ద పార్కుల్లో డేరా చోట్లు శీతాకాలంలోనే నిండిపోయేవి, దొరికినా అవి రోడ్డుకు ఇవతల చెట్ల వెనక ఉండేవి, నీటి పక్కనున్నవి మా అందుబాటులో ఉండేవి కావు. ఆయనకు డేరా తెర ఎత్తగానే నీళ్ళు కనబడాలి. అందుకని ఇంకా కాలవల్లో మంచు కరగని రోజుల్లోనే నన్ను కారులో కూర్చోబెట్టుకుని ఒడ్డు వెంట ఒక్కొక్క పల్లె తిరిగేవారు. పెట్రోలు బంకులో అడిగేవారు, చేపలు అమ్మే షెడ్లలో అడిగేవారు. చివరికి ఒక పల్లెవాళ్ళు తామే నడుపుకునే చిన్న క్యాంప్‌గ్రౌండ్ దొరికింది. బుకింగు లేదు, ముందొచ్చినవారిదే చోటు. రుసుము కవరులో పెట్టి గేటు దగ్గరున్న ఇనప డబ్బాలో వేయాలి. డేరా మేకు ఇసుకలో దిగేది, రెండు బారల అవతల అల విరిగేది. అక్కడినుంచి కుడివైపు చూస్తే వంపు తిరిగిన ఒడ్డు మీద మా పాత కాటేజీ ఆకుపచ్చ కప్పు కనబడేది. మొదటిసారి డేరా వేసినప్పుడు ఆ సంగతి నాన్నగారు అనలేదు, అమ్మా అనలేదు.

ఆ వేసవులు ఎంత చెప్పినా తరగవు. సరస్సులోంచి ఉసుళ్ళలాంటి ఫిష్‌ఫ్లైస్ లేచి డేరాలనీ కార్లనీ కప్పేసేవి, నడిస్తే కాళ్ళ కింద కరకరలాడేవి, ఎండకు చచ్చి పచ్చిచేపల వాసన కొట్టేవి. అమ్మ పొద్దున్నే తడి ఇసుక మీద చేత్తో చదును చేసి పుల్లతో ముగ్గు గీసేది. తొలి ఏకాదశి నాడు బెల్లం కలిపిన పేలపిండి డబ్బాలో తెచ్చేది, గాలి వీస్తే పిండంతా ముఖాన పడి మేమే నవ్వుకునేవాళ్ళం. గవ్వలు లేవు కాబట్టి ఆల్చిప్పలు విసిరి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. నాన్నగారు ఇసుకలో కూడా బూట్లు విప్పేవారు కాదు. మడత కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుని నీళ్ళవైపు చూసేవారు.

మన ఊళ్ళనుంచి పిల్లలు విమానాల నిండా వచ్చి కాలేజీల్లో చేరడం మొదలైన సంవత్సరాలవి. ఒక శనివారం స్వప్న, నరేశ్ అని ఇద్దరు వరంగల్ పిల్లలు, ఒకే కాలేజీ స్నేహితులు, రైస్ కుక్కరు చేతబట్టుకుని ఒడ్డున దిక్కులు చూస్తూ కనబడ్డారు. డేరాలు అరువు తెచ్చుకున్నారు కాని చోటు దొరకలేదు. తెలుగు మాట వినబడగానే నాన్నగారు లేచి వెళ్ళి మా చోట్లోనే వేసుకోమన్నారు. వాళ్ళు కవరులో తమ వంతు వేస్తామంటే ఆయన ముఖం గంటుపెట్టుకున్నారు.

"అతిథులు డబ్బాలో వేయరు బాబూ," అన్నారు.

ఆ తర్వాత ప్రతి రెండు వారాలకూ వచ్చేవారు. స్వప్న అమ్మ పక్కన చేరి, ఇంటి దగ్గర బోనాలు జరుగుతుంటాయి ఆంటీ అని చెబుతూ కళ్ళు తుడుచుకునేది. నరేశ్ నన్ను "ఏం చిన్న మేడమ్, ఇయ్యాల పద్యం చదివినవా?" అని ఏడిపించేవాడు. నాన్నగారికి చాలాకాలానికి వినేవాళ్ళు దొరికారు. ఏ గాలికి సరస్సు ఎలా మారుతుందో చెప్పేవారు. ఒక సాయంత్రం ఆకుపచ్చ కప్పు చూపించి, అది మనదే, ప్రస్తుతం అద్దెకిచ్చాం, నాకైతే డేరాలో ఉంటేనే నిద్ర పడుతుంది అన్నారు. అమ్మ గిన్నె తోముతూ తల ఎత్తలేదు. నేను అవునన్నట్టు తలూపాను. మా ఇంటి మాట నిలబెట్టడం నాకప్పటికే తెలుసు.

జులై చివర ఒక మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేచింది. అలాంటి గాలికి సరస్సు నీళ్ళన్నీ దక్షిణపు ఒడ్డుకు తోసుకొస్తాయి. నాన్నగారు ముందే పసిగట్టి డేరాలు పీకించారు. వాన మొదలయ్యేసరికి సామానంతా క్యాంప్‌గ్రౌండ్ వంటషెడ్డు కింద ఉంది. తడిసిన నరేశ్ పళ్ళు కొట్టుకుంటూ, "అంకుల్, అందరం మీ కాటేజీకి పోదమా? అద్దెకున్నోళ్ళు ఒక్క గంట కూర్చోనియ్యరా?" అన్నాడు. ఆ మాటలో కల్మషం లేదు.

"నేను వెళ్ళి మాట్లాడి వస్తాను," అని నాన్నగారు బయల్దేరారు. నేను వెంటపడ్డాను.

వానలో ఆయన వేగంగా నడవలేదు, ఎప్పటిలాగే నడిచారు. మెట్లు కొత్తవి, తలుపు రంగు కొత్తది. అద్దంలోంచి లోపల బల్ల చుట్టూ కూర్చుని ఆడుకుంటున్నవాళ్ళు కనబడ్డారు. ఒక ముసలావిడ తలుపు తీసి ఏం కావాలని మర్యాదగానే అడిగింది. నాన్నగారి కనుబొమల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన గొంతు సవరించుకుని, ఈ గాలికి నీళ్ళు మీ కింది మెట్టు దాకా వస్తాయి, పడవ పైకి లాగించుకోండి అని ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ కృతజ్ఞతలు చెప్పి లోపలికి రమ్మంది. అక్కర్లేదని చెప్పి వెనుదిరిగారు. దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, నొప్పి పుట్టినా నేను లాక్కోలేదు.

మేం షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అమ్మా స్వప్నా వంటకు కూర్చున్నారు. అద్దెకున్నవాళ్ళకు చుట్టాలొచ్చారని నాన్నగారు చెప్పి, కారులోంచి తువ్వాలు తెచ్చుకోవడానికి వెళ్ళారు. నరేశ్ ఆయన వెంట గొడుగు పట్టుకుపోయాడు. అప్పుడు స్వప్న గొంతు తగ్గించి, "ఆంటీ, వెనక రోడ్డుకు వాకింగ్ పోయినప్పుడు ఆ ఇంటి గేటు మీద బోర్డు చూసిన, ఓనర్ల పేరు వేరే ఉంది. నరేశ్‌కు తెల్వక అన్నడు. నేను చెప్త వానికి. అంకుల్‌కు మాత్రం తెల్వనియ్యకండి," అంది.

అమ్మ పొయ్యి మంట తగ్గించింది.

"ఉల్లిపాయ ఇంకా సన్నగా తరుగమ్మా," అంది.

స్వప్న అప్పటికే నరేశ్‌కు చెప్పేసినట్టుంది, ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ నాన్నగారిని కాటేజీ కట్టడం గురించి అడిగి అడిగి చెప్పించుకున్నారు. ఆయన ఉత్సాహంగా చెప్పారు. నేను కంచం మీదికి వంగి కూర్చున్నాను. ఇల్లు పోయిన రోజున కూడా నాకంత అవమానం అనిపించలేదు.

వాళ్ళు మంచివాళ్ళు. అది తర్వాత ఇంకా బాగా తెలిసింది. చదువులు ముగిసి ఉద్యోగాలు దొరికాక ఒక ఆదివారం నరేశ్ ఫోన్ చేశాడు. నాన్నగారు స్పీకరులో పెట్టారు.

"అంకుల్, లేక్ దగ్గర కాటేజీ ఇప్పుడు వీకెండ్‌లకు రెంట్‌కు ఇస్తున్నరు. మేమందరం కలిసి బుక్ చేసినం. ఫస్ట్ మీరే కుడికాలు పెట్టి లోపలికి రావాలె."

"ఏ కాటేజీ బాబూ?"

అవతల నరేశ్ గొంతు తగ్గింది.

"మీదే అంకుల్."

నాన్నగారు కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు. చాలా సంతోషం బాబూ, మాకు ఆ వారం వేరే పని ఉంది అన్నారు. మాకు ఏ పనీ లేదు. ఫోన్ పెట్టేశాక, "వీళ్ళకు ఎప్పటినుంచి తెలుసు?" అని అమ్మను అడిగారు. అమ్మ ఆయన ఇస్త్రీ చొక్కాలు మడతపెడుతూ ఉండిపోయింది. ఆ సమాధానం ఆయనకు చాలింది.

ఆ వేసవి మేం ఆ ఒడ్డుకు వెళ్ళలేదు. అక్కడ జనం ఎక్కువైపోయారని నాన్నగారు అనేవారు. మరెక్కడైనా చూద్దామని వసంతం రాగానే నేను కారు తాళాలు తెచ్చి ఇస్తే తీసుకుని మేకుకు తగిలించేవారు. స్వప్న పెళ్ళి కార్డు వచ్చింది, నరేశ్ ఎక్కడో దూరాన మార్కమ్ అనే ఊరికి వెళ్ళిపోయాడని విన్నాం. నాన్నగారు మళ్ళీ సరస్సు చూడకుండానే పోయారు.

ఇప్పుడు ఎక్కడ చూసినా నీటి పక్కన చోటు కావాలంటే నెలల ముందు తెల్లవారుజామున కంప్యూటరు ముందు కాచుకోవాలి. పేజీ తెరుచుకునేలోపే అయిపోతాయి. ఆఫీసులో కొత్తగా వచ్చిన పిల్లలు, బీచ్ మీదే చవకగా డేరా వేసుకునే చోటు ఎక్కడైనా తెలుసా అని నన్ను అడుగుతారు. తెలియదంటాను. కిందటేడు పనిమీద విన్నిపెగ్ వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే కారు తీసుకుని అక్కడికి పోయాను. పల్లెవాళ్ళ క్యాంప్‌గ్రౌండ్ లేదు. గేటు లేదు, వంటషెడ్డు పునాది మాత్రం గడ్డిలో మిగిలింది. ఒడ్డు కోసుకుపోకుండా పొడుగునా బండరాళ్ళు పోశారు. ఆకుపచ్చ కప్పు అలాగే ఉంది, కింద అద్దెకు అన్న బోర్డు ఉంది. నా జీతానికి అది పెద్ద లెక్క కాదు. నేను ఆ నంబరు రాసుకోలేదు.

నాన్నగారు డేరా వేసిన చోట ఇప్పుడు మోకాటి లోతు నీళ్ళు. బండల మీదుగా దిగి అందులో చాలాసేపు నిలబడ్డాను. అక్కడ నిలబడడానికి ఎవరినీ అడగక్కర్లేదు.