రెండో భాగం అంచులు

తెనాలిలో నవలలు అచ్చువేసే బాబాయిగారు పోయారని మొన్న ఉదయం రేపల్లె స్టేషన్లో పేపర్ల కట్టలు దించే మనిషి చెప్పాడు. ఆ కట్టల్లోని ఏ పేపర్లోనూ ఆ వార్త లేదు. ఆయనకీ నాకూ చుట్టరికం లేదు. ఆయన పుస్తకాలు వేసేవారు, నేను రేపల్లెలో వాటిని అద్దెకిచ్చేవాణ్ణి. వరస అక్కడ కలిసింది.

కొత్త నవల రాగానే మేం దాన్ని నడిమికి విడదీసి, రెండు ముక్కలకూ వేరువేరుగా అట్టలు వేయించేవాళ్ళం. అలా చేస్తే ఒక పుస్తకాన్ని ఒకేసారి ఇద్దరు చదవొచ్చు. ఆ పని మొదటిసారి చూసినప్పుడు బాబాయిగారి ముఖం మాడిపోయింది.

"పుచ్చకాయ కోసినట్టు కోశావేంట్రా అబ్బాయ్?"

అంతలో మిషన్ స్కూలు టీచరమ్మ వచ్చింది. "రెండో ముక్క ఎవరి దగ్గరుందన్నయ్యా? పేరు చెప్పు, వాళ్ళింటికెళ్ళి గుంజుకొస్తా. మొదటి ముక్క చివర తలుపు కొట్టిందెవరో తెలీక రాత్రి ముద్ద దిగలేదు."

ఆ తర్వాత బాబాయిగారు, రచయితలు ఎవరొచ్చినా ఒక మాట చెప్పి పంపేవారు: "సరిగ్గా సగం దగ్గర ఎవరో ఒకరు తలుపు కొట్టాలండి. ఎవరన్నది అవతలి ముక్కలో తెలియాలి."

కొత్త పుస్తకం వేసిన ప్రతిసారీ రైల్లో వచ్చి నా షాపు బల్ల మీద కూర్చునేవారు. ఎలా ఆడుతోందని అడిగేవారు కాదు. పాత పుస్తకాలు తీసి పేజీల అంచులు చూసేవారు. వేళ్ళు తగిలి మాసిన అంచు ఎంతవరకుంటే అంతవరకు చదివినట్టు. "మనిషి మొహమాటపడి బాగుందంటాడు. అంచుకి మొహమాటం ఉండదు" అనేవారు.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. కాగితం ధర పెరిగింది. తోటి ప్రెస్సులవాళ్ళు గైడ్లలోకి, శుభలేఖల్లోకి మారారు. ఈయన్నీ మారమన్నారు. "నేను అచ్చెయ్యకపోతే పెళ్ళిళ్ళు ఆగుతాయా?" అని నవ్వేశారు.

చివరిసారి వచ్చినప్పుడు నవ్వలేదు. సంచిలో బాపట్ల గుమాస్తా ఒకాయన రాసిన నవల రాతప్రతి ఉంది. ఆయనకదే మొదటిది. "వేస్తానని మాటిచ్చాను. పోయినసారి నేను వేసింది ఒకసారి చూపించు" అన్నారు.

రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాను. మొదటిది కొంచెం మాసింది. రెండోది అట్ట వేయించిన రోజున ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది.

"టీచరమ్మ కూడా అడగలేదా?"

"లేదండి. సీరియల్ టైమని తొందరగా వెళ్ళిపోతన్నారు."

"తలుపు కొట్టిందెవరో తెలుసుకోవాలని లేదా ఎవరికీ?"

"లేదండి, బాబాయిగారూ."

ఆయన ఆ తెల్లటి ముక్క సంచిలో పెట్టుకున్నారు. "ఒక్కడన్నా చదవాలి కదరా" అన్నారు.

ఆ రోజు తెనాలి రైలెక్కలేదు. బాపట్ల బస్సెక్కారు. రాతప్రతి పోస్టులో తిప్పి పంపడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. రాసినవాడి చేతికే ఇచ్చి, ఎదురుగా నిలబడి కాదని చెప్పాలనేవారు. అలాగే చెప్పి వచ్చారట. తర్వాత కొన్నాళ్ళకు అచ్చు మిషను అమ్మేశారని విన్నాను.

మొన్ననే తెనాలి వెళ్ళాను. ఒకప్పుడు మిషను ఉన్న గదిలోనే ఆయన్ని పడుకోబెట్టారు. నేలమీద నూనె మరకలు ఇంకా పోలేదు. తిరిగి వచ్చేటప్పుడు పిన్నిగారు లోపలికెళ్ళి ఆ ముక్క తెచ్చారు.

"నీ షాపుదంట గదా, ఇచ్చెయ్యమని చెప్పారు. కళ్ళు ఆనకపోయినా రోజూ పట్టుక్కూర్చునేవారు బాబూ."

షాపుకొచ్చి దాన్ని మొదటి భాగం పక్కన పెట్టాను. మొదటిది సగం దాకానే మాసింది. రెండోది చివరి పేజీ దాకా నల్లబడింది.