కొబ్బరినూనె తాగిన బెల్టు

ఆనప్పార కొండమీద పైలీ జీపు ఎక్కకుండా అత్తారింటికి వెళ్లిన పెళ్లికూతురు లేదంటారు. అనేవాళ్లలో ముందుండేది పైలీయే. పొద్దున్నే ఆడకూలీలని యాలకుల తోటలకి ఎక్కించడం, సాయంత్రం దింపడం అతని బతుకుతెరువు. కూలీల ఇళ్ల లైన్ల నుంచి పెళ్లికూతుర్ని కింద గుడికో చర్చికో చేర్చడం మాత్రం అతని పరువు. మొదటిదానికి ఎవరు పోటీకొచ్చినా దారిస్తాడు. రెండోదానికి వస్తే వాళ్లతో ఆర్నెల్లు మాట్లాడడు.

అతనికి రెండే నమ్మకాలు. ఒకటి తన చర్చిలోని సెయింటు పుణ్యవాళన్ సెబాస్త్యానోస్, రెండోది కొబ్బరినూనె. తలకీ, మోకాళ్లకీ, తలుపు బందులకీ, చేపల వేపుడికీ, దూడ పుండుకీ అదే మందు. మొదటి నమ్మకం ఎప్పుడైనా వమ్మయిందేమో గానీ రెండోది ఇంతవరకూ కాలేదు.

వానలకి ముందు జీపులో నీళ్ల పంపు కారడం మొదలైంది. జంక్షన్‌లో షెడ్డు నడిపే సుధాకరన్ కొత్త పంపు బిగించి, దాన్ని తిప్పే బెల్టు కూడా కొత్తది వేశాడు.

"కొత్త బెల్టు కొత్త చెప్పులాంటిది చేట్టా. నాలుగు రోజులు తిరిగితే సాగుతుంది. ఓసారి తీసుకురా, బిగిస్తాను" అని సొంత అన్నకి చెప్పినట్టు మరీ చెప్పాడు.

పైలీ వెళ్లలేదు. కారణం పేకాట. ఆ షెడ్డులో శని, ఆదివారాలు పేకాడతారు. ఓడినవాడు చెవికి కుణుక్కు పెట్టుకోవాలి. పనసాకు చుట్టి చేసిన లోలాకు అది. మళ్లీ ఓ ఆట గెలిచేదాకా ఆ షెడ్డులో అడుగుపెడితే చాలు, పెట్టుకుని తీరాలి. ఆఖరి ఆటలో ఓడింది పైలీయే. మనవలున్న మనిషి. చెవికి ఆకు వేలాడేసుకుని బెల్టు బిగించమని ఎలా అడుగుతాడు?

అడగలేదు కాబట్టి బెల్టే అడగడం మొదలుపెట్టింది. పొద్దున మంచులో ఇంజను వెయ్యగానే కీచుమని ఒకటే అరుపు.

"ఏంటన్నా, లోపల పందిని కోస్తున్నారా?" అంది వెనక సీట్లోంచి సెల్లత్తాయి. ఆ బండెక్కే తమిళ ఆడవాళ్లందరి తరఫునా మాట్లాడేది ఆవిడే.

"కొత్త పంపు కదా, గొంతు సవరించుకుంటోంది."

"ఇంకెన్నాళ్లు సవరించుకుంటుంది? ఆదివారం మా పిల్ల మలర్ పెళ్లి. ఇలా అరుచుకుంటూ పోతే పిల్లని బలవంతంగా ఎత్తుకొస్తున్నారనుకుంటారు మగపెళ్లివాళ్లు. శనివారం దాకా చూస్తాను. అప్పటికీ అరుస్తుంటే జోప్పన్ బండి మాట్లాడుకుంటా. ఏమనుకోకు."

పైలీ ఏమీ అనుకోలేదు. ఆ పూటంతా అన్నం మాత్రం సయించలేదు.

శనివారం తెల్లవారగానే అలమారలోంచి నూనె సీసా తీశాడు. భార్య అన్నక్కుట్టి చూసింది.

"ఇదిగో మనిషీ, రాసుకోవడానికి ఆ నెత్తిన ఏం మిగిలిందని?"

"మిగిలినదాన్ని కాపాడుకోవద్దూ?" అని సీసాతో సహా బయటికి నడిచాడు.

తిరుగుతున్న బెల్టుమీద ధారగా పోశాడు. అరుపు టక్కున ఆగింది. కొండెక్కుతున్నంతసేపూ పైలీ వెనక్కి తిరిగి, "ఏమైనా వినపడుతోందా?" అని అడుగుతూనే ఉన్నాడు. "నీ గొంతే వినపడుతోంది, ముందుకి చూసి తోలు" అంది సెల్లత్తాయి.

రెండో సవారీ సగం కొండ ఎక్కిందో లేదో బెల్టు పందిని వదిలి ఏనుగుని కొయ్యడం మొదలుపెట్టింది. రేడియేటరు పొగలు కక్కింది. ఆడవాళ్లు దిగి నడక సాగించారు. పోతూ పోతూ సెల్లత్తాయి ఒక్క మాటే అంది: "సాయంత్రం లోపల చెప్పు. జోప్పన్‌తో మాట్లాడాలి."

బండి చల్లారాక పైలీ తిన్నగా షెడ్డుకి పోనిచ్చాడు. సుధాకరన్ పలకరించలేదు. గోడకున్న మేకుకేసి చూశాడంతే. మేకుకి వాడిన పనసాకు వేలాడుతోంది. పైలీ అది తీసి చెవికి తగిలించుకున్నాడు. అటుపైన పని మొదలైంది.

సుధాకరన్ బానెట్టు ఎత్తి బెల్టు తడిమాడు. వేళ్లకి నూనె అంటింది. ఆ మనిషి మొహంలో నవ్వు పోయింది.

"ఇంజను ముందు సీలు కారుతోంది చేట్టా. నూనె బెల్టుమీద పడి జారిపోతోంది. పంపు మార్చినప్పుడు నేనే ఎక్కడో దెబ్బ తగిలించుంటాను. నా చేతి తప్పే. మొత్తం విప్పాలి. సోమవారం దాకా బండి ఇక్కడే ఉండాలి."

కొబ్బరినూనె వాసన రాక కాదు. పైలీ పక్కన నిలబడితే ఎప్పుడూ వచ్చే వాసనే కదా అనుకున్నాడు పాపం. పానా తీసుకుని రేడియేటరు మీదికి వంగాడు. తన పనిలో తప్పు దొర్లిందని నమ్మిన మనిషి వంగినట్టే వంగాడు.

 పైలీ నోరు మూసుకుంటే నింద సుధాకరన్‌ది, పెళ్లికూతురు జోప్పన్‌ది. నోరు విప్పితే ఊరంతా నవ్వేది తననే. నిజం మీద ప్రేమ కొంతా, మలర్ మీద ప్రేమ కొంతా, జోప్పన్ మీద అసూయ మిగతాదీ కలిసి అతని చేత మాట్లాడించాయి.

"సుధాకరా, ఆగు. అది ఇంజను నూనె కాదు."

"మరి?"

"అన్నక్కుట్టిది."

సుధాకరన్ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.  "ఆవాలూ కరివేపాకూ వెయ్యడం మరిచిపోయావా?" అన్నాడు. పేకముక్కలు పట్టుకుని కూర్చున్నవాళ్లు బల్లమీద పడి దొర్లారు.

"కప్పీని గట్టిగా పట్టుకుని తిరగడమే బెల్టు పని. ముందేమో వదులై జారింది, దానికి అరిచింది. నువ్వేమో దానికి తలంటు పోశావు. ఇంక పట్టేమిటి, పడుకుంటుంది."

కప్పీలన్నీ సబ్బునీళ్లతో కడిగి తుడిచాడు. నూనె తాగిన బెల్టు తీసి పారేసి ఇంకోటి వేసి బిగించాడు. పైలీ బొటనవేలు పట్టుకుని దానిమీద నొక్కించాడు. "ఈ మాత్రం దిగితే సరే. ఊగుతున్నట్టుంటే బిగించాలి. రేపు దార్లో ఓసారి చూసుకో."

ఆదివారం జీపుకి బంతిపూల దండలు కట్టారు. ముందు సీట్లో మలర్, వెనక సెల్లత్తాయీ చుట్టాలూ కూర్చున్నారు. కీచుమన్న శబ్దం లేదు. మొదటి మలుపులోనే పైలీ బండి ఆపి, దిగి బానెట్టు ఎత్తాడు.

"అరవట్లేదు కదన్నా, ఇంకేం చూస్తావు?"

"అరిస్తే చూడక్కర్లేదు, తెలుస్తుంది. అరవకపోతేనే చూసుకోవాలి."

రెండో మలుపులోనూ ఆపాడు. మూడోసారి ఆపబోతుంటే మలర్ స్టీరింగు మీద చెయ్యి వేసి, "మామా, పెళ్లి నాది, బెల్టుది కాదు" అంది.

గుడి ముందు నాదస్వరం వాళ్లు అరుగుమీద కూర్చుని తాంబూలం వేసుకుంటున్నారు. జోప్పన్ మాట ఉత్త బెదిరింపేనేమో, అరుస్తూ ఒక జీపు వస్తుంది, వినగానే వాయించండని సెల్లత్తాయి వాళ్లకి ముందే చెప్పి ఉంచింది. జీపు వచ్చి పక్కన ఆగినా వాళ్లు తల తిప్పలేదు. పెళ్లికూతురు దిగడానికి సిద్ధంగా ఉంది, మేళం లేదు.

చివరికి పైలీయే హారను కొట్టాడు.