పురుళ్ల ఆసుపత్రి పెరటి మట్టి

దెయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే ఒళ్లు మండుతుంది. నందిగామలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి విడమర్చి చెప్పే మనిషిని. అలాంటి నేను ఇది రాయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఇందులో దెయ్యం లేదు. జరిగింది నా ఒంటికి.

జగ్గయ్యపేటలో ఒక పాత పురుళ్ల ఆసుపత్రి ఉండేది. నేనూ మా తమ్ముడూ అక్కడే పుట్టాం. డాక్టరమ్మ పోయాక చాలా ఏళ్లు తాళం వేసి ఉంది. ఈలోగా ఆ వీధిలో పెంకుటిళ్లన్నీ పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. చివరికి ఆసుపత్రి స్థలాన్ని కూడా ఒక బిల్డర్ డెవలప్‌మెంట్‌కి తీసుకున్నాడు.

మావారు ముక్త్యాల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పెళ్లయినప్పటి నుంచీ మావి అద్దె ఇళ్లే. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. అందుకే అక్కడ తూర్పు ముఖం ఫ్లాట్ ఒకటి బుక్ చేసుకున్నాం. ఇక మా బతుక్కి సొంతిల్లంటే అదే అనుకున్నాం.

ఆ మాట చెప్పగానే అమ్మ ముఖం వాడిపోయింది. అమ్మది పెనుగంచిప్రోలు. అప్పట్లో కాన్పు కాగానే బిడ్డ వెనక పడే మాయను కొత్త కుండలో పెట్టి, పసుపు చల్లి, మూతపెట్టి ఆసుపత్రి పెరట్లోనే పాతేవారట. పల్లెల నుంచి వచ్చినవాళ్లు దాన్ని బస్సులో ఇంటికి తీసుకెళ్లలేరు కదా. కుక్కలు లాగకుండా లోతుగా తవ్వేవారట. నాదీ తమ్ముడిదీ అక్కడే ఉన్నాయని చెప్పింది.

సెల్లార్ తవ్వేముందు ఆ కుండల్ని జాగ్రత్తగా తీయించి ఇంకోచోట పాతిపెట్టించమని అమ్మ బిల్డర్‌ను బతిమాలింది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, పెద్దవారు మీరు చెప్పాక కాదంటానా అమ్మా? మీరొచ్చాకే మిషన్ దింపుతా."

చెప్పిన రోజు మేం వెళ్లేసరికి పెరడు సగం గొయ్యి అయింది. జేసీబీ తొట్టిలో మట్టితోపాటు కుండపెంకులు. ఆ మట్టిని టిప్పర్లకెత్తి పల్లపు ఇళ్ల స్థలాలు ఎత్తు చేయడానికి మెరక తోలుతున్నారు. అంటే బిల్డర్ దాన్ని అమ్మేస్తున్నాడన్నమాట. అమ్మ నోరెత్తబోతే నవ్వాడు.

"ఎప్పటివో అమ్మా అయ్యి, ఇంకా ఏముంటది? ఉత్త మట్టే."

అంటూ కాలి దగ్గరున్న కుండమూత మూకుడును బూటుతో గొయ్యిలోకి తన్నాడు.

నిజానికి నేనూ అదే అంటాను. ఇన్నేళ్లకు మట్టి తప్ప మరేమీ మిగలదు. కానీ ఆ గొయ్యిలోంచి పచ్చి నెత్తురూ పసుపూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. అప్పుడే కాన్పయిన గదిలో వచ్చే వాసన. ఆ వాసన కన్నా ఆయన నవ్వు ఎక్కువ రోత పుట్టించింది.

ఇంటికొచ్చాక చీర కుచ్చిళ్ల దగ్గర తడిగా అనిపించింది. చూసుకుంటే బొడ్డులోంచి నెత్తురు, నీళ్లలా పల్చగా. తుడిస్తే మళ్లీ ఊరేది. అదే వాసన. నా ఒంటిని ముట్టుకోవడానికే నాకు అసహ్యం వేసింది. నందిగామలో డాక్టరుకు చూపించుకున్నాను. గాయం లేదు, చీము లేదు, స్కానింగ్‌లో ఏమీ లేదు. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియడం లేదని ఆయన తేల్చి చెప్పారు.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి తమ్ముడు అమ్మకు ఫోన్ చేశాడు. తవ్వకం సంగతి వాడికి ఎవరమూ చెప్పలేదు. చాలాసేపు నసిగి, చివరికి బయటపెట్టాడు.

"అమ్మా, బొడ్డులోంచి నెత్తురు కారుతోందే. బనీన్లన్నీ పాడైపోతున్నాయి."

ఆ ఫ్లాట్‌లో నేను కాలు పెట్టనన్నాను. మావారు కాదనలేదు. బుకింగ్ రద్దు చేసుకోవడానికి అమ్మను తీసుకుని సైటుకు వెళ్లాను. పెద్ద గొడవే అవుతుందని సిద్ధపడి వెళ్లాను. బిల్డర్ రేకుల షెడ్డులో, ఒక ఫైలు పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. సెంటు బాగా కొట్టుకున్నాడు. అయినా దాని కింద ఆ వాసన తెలుస్తూనే ఉంది. నా మాట పూర్తిగా వినకుండానే "సరేనండి" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి ఫైలు పక్కన పెట్టాడు. తెల్లచొక్కా మధ్యలో ఎర్రటి మరక.

"నన్నూ మా అమ్మ ఇక్కడే కన్నదమ్మా. ఇదెప్పుడు ఆగుద్ది?"

బయట మట్టి నింపుకున్న టిప్పర్ హారన్ కొట్టింది. ఆయన ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో పోనిమ్మని సైగ చేశాడు.

మట్టి తోలడం అయిపోయాక నాకూ తమ్ముడికీ నెత్తురు దానంతట అదే ఆగిపోయింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు ఆగిందో, ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు అంతుబట్టలేదు. మేం ఇంకా అద్దె ఇంట్లోనే ఉంటున్నాం. ఆ మట్టి మాత్రం ఎవరెవరి వంటగదుల కిందో పరిచి ఉంది.